బందరుకు రెండు రోజులు: మంగినపూడి, కోట, డచ్చి సమాధులు, పెడన అద్దకం ఎలా సర్దుకోవాలి?

గోదారిగట్టు:
జనవరి చివరి వారంలో శుక్రవారం రాత్రి సికింద్రాబాదులో రైలెక్కి, శని ఆదివారాలు బందరులో (మచిలీపట్నంలో) ఉండి, సోమవారం తెల్లారేసరికి ఇంటికి చేరాలి. మొత్తం ఆరుగురం. డెబ్భై దాటినవాళ్లు ఇద్దరు (దంపతులు), ఏడేళ్ల పిల్ల ఒకతె. చూడాలనుకున్నవి మంగినపూడి బీచి, డచ్చివాళ్ల సమాధులు, బందరుకోట, పెడనలో కలంకారీ పని, చిలకలపూడి పాండురంగడి గుడి. ఎలాగూ వెళ్తున్నాం కదా, హంసలదీవి కూడా కలపమని ఇంట్లో ఒకరంటున్నారు. సముద్రానికి ఎదురుగా గది తీసుకుని, అక్కణ్ణుంచే రోజూ నడుచుకుంటూ ఊరు చూసి రావచ్చా? ఏది ముందు, ఏది తర్వాత? తెలిసినవాళ్లు చెప్పగలరు.

పాతరేవు:
గోదారిగట్టు గారూ, గది సంగతి తేలితే మిగతా ప్లానంతా దానంతటదే కుదురుతుంది, అందుకే ముందు అది. బందరు రేవుపట్నమే గాని, సముద్రం ఊరి గుమ్మంలో ఉండదు. కోనేరు సెంటరు నుంచి మంగినపూడి సుమారు 11 కిలోమీటర్లు, ఈశాన్యంగా. కోట ఉన్నది ఆగ్నేయాన, గిలకలదిండి చేపల హార్బరు వైపు. పెడన ఉత్తరాన, గుడివాడ వెళ్లే రైలు దారిలో. మూడూ మూడు దిక్కులు. బీచి దగ్గర దిగితే ప్రతి పనికీ ఊళ్లోకొచ్చి మళ్లీ వెనక్కి పోవాలి. చీకటి పడ్డాక మంగినపూడి నుంచి ఆటో దొరకడం కష్టం. బస కోనేరు సెంటరు, బస్టాండు చుట్టుపక్కల పెట్టుకోండి. పెద్దవాళ్లున్నారు కాబట్టి లిఫ్టు ఉందో లేదో, కమోడు ఉందో లేదో ఫోన్లోనే అడిగేయండి. దోమలు గట్టిగా ఉంటాయి, కిటికీలకు జాలీ ఉందా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే.

సముద్రం ఇంత ఎడంగా ఎందుకుందో తెలిస్తే ఊరు ఇంకా బాగా అర్థమవుతుంది. కృష్ణ తెచ్చిపోసే ఒండ్రుతో ఈ తీరమంతా పూడి, నీళ్ల లోతు తక్కువ. గోల్కొండ నవాబుల కాలంలో ఇది తూర్పు తీరంలో పేరుమోసిన రేవు. డచ్చివాళ్లు 1605లో, ఇంగ్లీషువాళ్లు 1611లో, ఆ తర్వాత ఫ్రెంచివాళ్లు వచ్చి ఇక్కడ కోఠీలు పెట్టారు. అప్పుడు కూడా పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేదు. కొన్ని మైళ్ల దూరాన లంగరేస్తే, పడవలు సరుకుని కాలవలోంచి ఊళ్లోకి చేరవేసేవి. ఓడలు పెద్దవయ్యేకొద్దీ వ్యాపారం వేరే రేవులకు తరలిపోయింది. మీకు కోట దగ్గర కనిపించే చిత్తడి, మంగినపూడిలో కాలికంటే నల్లమట్టి, రెండూ ఆ ఒండ్రు పనే.

కాబట్టి రోజుకి రెండు దిక్కులు చాలు. తెల్లవారుజామున సముద్రం, ఎండెక్కేలోపు శిథిలాలు, మధ్యాహ్నం నీడపట్టున జరిగే పనులు, సాయంత్రం గుడి. ఇలా గంటల్ని బట్టి పంచుకుంటే పెద్దవాళ్లు అలసిపోరు.

రైలుపట్టాలు:
ప్రయాణం మాట. బీదర్–మచిలీపట్నం ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాదు మీదుగానే వస్తుంది. రాత్రి ఎక్కితే పొద్దున్నకల్లా బందరు. బండికి చివరి స్టేషను అదే, కాబట్టి పెద్దవాళ్లను కంగారు లేకుండా దించవచ్చు. పెడన, చిలకలపూడి పేర్లు వరసగా కనిపించగానే సామాన్లు సర్దుకోవడం మొదలుపెట్టండి. వచ్చేది బందరే.

రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఆరుగురికీ ఒకే టికెట్టు తీస్తారు. అలా తీస్తే పెద్దవాళ్లకి కింది బెర్తు కోటా వర్తించదు. ఆ కోటా 60 నిండిన మగవారికి, 45 నిండిన ఆడవారికి, అదీ ఒక్కరుగానో ఇద్దరుగానో విడిగా టికెట్టు తీసినప్పుడే. కాబట్టి పెద్దవాళ్లిద్దరికీ సీనియర్ సిటిజన్ కోటాలో ఒక టికెట్టు, మిగతా నలుగురికీ ఇంకోటి తీయండి. పెట్టె వేరుపడినా ఫర్వాలేదు. పైబెర్తు ఎక్కలేని మనిషికి రాత్రంతా కూర్చోవాల్సి రావడం అంతకన్నా కష్టం.

ఈ బండిలో దొరక్కపోతే విజయవాడకి ఏ బండైనా పట్టుకోండి. అక్కడ దిగి మళ్లీ రైలు కోసం చూడొద్దు. రైలు గుడివాడ చుట్టి 80 కిలోమీటర్లు పోతుంది, రోజుకి కొన్నే బళ్లు. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి బందరు బస్సులు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా 70 కిలోమీటర్లు. పుణెలో మొదలైన 65వ నంబరు జాతీయ రహదారి బందరులోనే ముగుస్తుంది.

తేదీ ఖాయం చేసుకునే ముందు 26వ తేదీ ఏ వారం పడిందో చూడండి. శని ఆదివారాలకి అతుక్కుని వస్తే తిరుగు టికెట్టు ముందు అయిపోతుంది. రెండూ ఒకేసారి తీసేయండి.

అచ్చుబిళ్ల:
పెడన శనివారం పెట్టుకోండి. పని దినాన వెళ్తేనే నాలుగైదు దశలు ఒకేచోట జరుగుతూ కనిపిస్తాయి. బందరు నుంచి 10 కిలోమీటర్ల లోపే, బస్సులూ ఆటోలూ ఉంటాయి. ముందురోజు ఫోన్ చేసి "రేపు అద్దకం ఉందా, ఉడకబెట్టడం ఉందా" అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. "పని ఉంది రండి" అంటారు, తీరా వెళ్తే ఆరేసిన గుడ్డలు తప్ప ఏమీ ఉండకపోవచ్చు. ఒక గుడ్డ మొదటి నుంచి చివరిదాకా రావడానికి రోజులు పడుతుంది, అన్ని దశలూ ఒక్కపూటలో ఒకే గుడ్డ మీద చూడటం కుదరదు.

చూసేటప్పుడు వరస తెలిస్తే మంచిది. గంజి పోగొట్టి తెల్లబరిచిన నూలు గుడ్డని కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెడతారు. అప్పుడది లేత పసుపు రంగులో ఉంటుంది. నలుపు ఎలా వస్తుందంటే, ఇనుప తుక్కు, బెల్లం నీళ్లలో కలిపి వారాల తరబడి పులియబెడతారు. ఆ ద్రవం కరక్కాయ ఉన్న గుడ్డకి తగలగానే నల్లబడుతుంది. ఇది అక్కడికక్కడే కంటిముందు జరిగే మార్పు, పిల్లకి తప్పకుండా చూపించండి. ఎరుపు అలా కాదు. అద్దేటప్పుడు వేసేది పటిక, జిగురు కలిపిన ముద్ద మాత్రమే. పటికకి సొంత రంగు లేదు. ఎక్కడ అద్దారో కనబడటానికి అందులో కాస్త కడిగితే పోయే రంగు కలుపుతారు, అంతే. తర్వాత పారే నీళ్లలో జాడించి, రాగి కాగులో చెట్టు వేరు నుంచి తీసిన రంగు, జాజి ఆకు వేసి ఉడకబెడితే పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు పట్టుకుంటుంది. అందుకే ఉడకబెట్టే రోజు దొరికితే వదులుకోవద్దంటున్నాను. పొయ్యిలో మంట పెరిగేకొద్దీ ఎరుపు తేలుతుంది. పసుపు, నీలం చివర్లో వస్తాయి.

ఎక్కడ చెడుతుందంటే జాడించే దగ్గర. నీళ్లు నిలవ ఉన్నా, మురికిగా ఉన్నా మిగిలిపోయిన పటిక పక్కకి పాకి, ఉడికాక తెల్లగా ఉండాల్సిన చోట గులాబి మరకలు తేలతాయి. కాలవ నీళ్లు పారుతుండాలి. వేసవిలో కృష్ణా కాలవలు కట్టేస్తారు, వానల్లో నీళ్లు బురద, పైగా ఎండ ఉండదు. అందుకే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పని చూడటానికి మేలైన కాలం. సంక్రాంతి వారంలో మాత్రం అచ్చులు పక్కన పెట్టేస్తారు. మీరు జనవరి చివరన వెళ్తున్నారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

నూలుపోగు:
అచ్చుబిళ్ల గారూ, కొనేటప్పుడు స్క్రీన్ ప్రింటుని ఎలా గుర్తుపట్టాలి? బళ్ల మీద, షాపుల్లో అంతా కలంకారీ అనే అంటున్నారు.

అచ్చుబిళ్ల:
గుడ్డని పూర్తిగా పరిచి చూడండి, మడత మీద తెలియదు. చెక్క అచ్చు బారెడు గుడ్డ మీద చాలాసార్లు పడుతుంది. రెండు అచ్చులు కలిసేచోట గీత వెంట్రుకవాసి ఎగువకో దిగువకో ఉంటుంది, లేదా అక్కడ రంగు కొంచెం చిక్కగా పడి ఉంటుంది. అంచు వెంబడి వేలు పోనిస్తూ చూస్తే అతుకులు దొరుకుతాయి. స్క్రీనులో ఆ అతుకు ఉండదు, ప్రతి పువ్వూ పక్క పువ్వులాగే ఉంటుంది. తర్వాత తిరగేయండి. ఉడికించి తీసిన ఎరుపు వెనక వైపుకీ దిగుతుంది. పైపైన పూసిన రంగు వెనక వెలవెలబోతుంది. ఇంకొకటి, నలుపు గీతల మధ్య ఖాళీల్లోకి ఎరుపు ఒక చుక్క అటూ ఇటూ జరిగి ఉండటం చేతిపనికి గుర్తే గాని లోపం కాదు.

అచ్చు చేత్తో అద్దినా రంగు రసాయనానిది కావచ్చు. ఆ రెండూ వేరు వేరు ప్రశ్నలు. "చేతి అచ్చా?" అని ఒకసారి, "రంగు చెట్టూ చేమదా?" అని ఒకసారి అడగండి. పని చేసేవాళ్ల దగ్గరే కొంటే దాచకుండా చెప్తారు, రెండింటికీ ధర తేడా కూడా చెప్తారు. బేరం మరీ తెగ్గోయకండి. ఒక దుప్పటికి ఎన్ని అచ్చులు పడ్డాయో అరగంట నిలబడి చూశాక ఎవరికీ ఆ మనసు రాదనుకోండి.

ఉతకడం: మొదటి రెండుసార్లు విడిగా, చన్నీళ్లలో, మెత్తని సబ్బుతో. నానబెట్టి వదిలేయొద్దు, పిండొద్దు, నీడన ఆరేయాలి. నిమ్మకాయ, వెనిగరు తగలనివ్వకండి. ఇనుము నలుపు పులుపు తగిలితే వెలిసిపోతుంది.

ఆటుపోటు:
మంగినపూడి గురించి నేను రాస్తాను, ఎందుకంటే ఇక్కడే పిల్లలున్నవాళ్లు నిరాశపడతారు. విశాఖలో ఉండే ఇసుక ఇక్కడ ఊహించుకోవద్దు. నల్లటి ఒండ్రుమట్టి, నీళ్లు మట్టిరంగు, లోతు చాలా తక్కువ. ఆ తక్కువ లోతు వల్లే అలలు చిన్నవి, పిల్లలు ఒడ్డున కూర్చోవడానికి అనువు. కాని పాటు వేళ వెళ్తే నీళ్లు దూరంగా జరిగిపోయి మధ్యలో బురద మిగులుతుంది, అందులో చీలమండ దాకా కూరుకుపోతారు. పోటు పెరుగుతున్న వేళ వెళ్లాలి. పోటుకీ పాటుకీ మధ్య సుమారు ఆరు గంటలు, మర్నాడు అదే పోటు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. మచిలీపట్నం పేరుతో ఆటుపోట్ల పట్టిక ఫోన్లో చూసి, ఆదివారం పొద్దున పోటు సూర్యోదయానికి దగ్గరగా ఉంటే అప్పుడే పెట్టుకోండి.

జనవరి చివర్లో సూర్యోదయం 6.30 దాటాకే. 5.45కి గది వదిలితే సరిపోతుంది. ఆ నెలలో పొలాల మీద పొగమంచు దట్టంగా పడుతుంది. బండి నెమ్మదిగా పోనివ్వమనండి, సూర్యుడు కొంత పైకొచ్చాకే కనిపించవచ్చు, తొందరపడి వెనక్కి తిరగకండి. 8.30 దాటాక ఎండ చురుక్కుమంటుంది, నీడ తక్కువ.

జారే మట్టి కాబట్టి పెద్దవాళ్లు తడి అంచు దగ్గరికి చెప్పులతో వెళ్లకూడదు. చెప్పు ఇరుక్కుంటుంది, కాలు లాగబోతే పడతారు. వెనకపట్టీ ఉన్నవైతే నయం, లేకపోతే గట్టినేల మీదే కుర్చీ వేయండి, మడత కుర్చీలు రెండు తీసుకెళ్లండి. బట్టలకి పట్టిన ఒండ్రు ఆరకముందే మంచినీళ్లతో జాడిస్తే పోతుంది, ఆరాక మొండికేస్తుంది. తాగే నీళ్లు కాకుండా కాళ్లు కడుక్కోవడానికి ఇరవై లీటర్ల డబ్బా ఒకటి బండిలో వేసుకోండి, ఆరుగురికీ సరిపోతుంది. మోకాలి లోతు దాటి ఎవరూ వెళ్లొద్దు. లోతు తక్కువ కదా అని ముందుకు పోయేవాళ్లే కాలవ నోళ్ల దగ్గర ఉన్నట్టుండి తెగే గుంటల్లో పడతారు.

దగ్గర్లోనే దత్తాశ్రమం ఉంది, శివాలయం, పన్నెండు బావులు. పెద్దవాళ్లు అక్కడ కూర్చుంటే మిగతావాళ్లు నీళ్ల దగ్గర ఉండొచ్చు. ఇక ఆ వైపు కొత్త పోర్టు పనులు 2023లో మొదలయ్యాయి. దారిలో టిప్పర్లు తిరుగుతుంటాయి, చీకట్లో ఆటో కన్నా కారే మంచిది.

మూడుదారులు:
కారు మాట్లాడుకుంటే ఆదివారం హంసలదీవి పెట్టేయొచ్చు కదా? పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి వచ్చేస్తే, సాయంత్రం కోట చూసి రైలెక్కొచ్చు. కృష్ణ సముద్రంలో కలిసేచోటు చూడకుండా అంతదూరం వెళ్లి రావడం నాకైతే మనసొప్పదు.

పాతరేవు:
మూడుదారులు గారూ, సంగమం చూడదగ్గదే, కాదనను. కాని అది బందరుకి పక్కూరు కాదు. చల్లపల్లి, అవనిగడ్డ, కోడూరు మీదుగా దివిసీమ చివరిదాకా పోవాలి. కోడూరు దాటాక దారి సన్నం. వేణుగోపాలస్వామి గుడి ఒకచోట, స్నానాలు చేసే పాలకాయతిప్ప ఇంకోచోట, అసలు సంగమం ఇంకా ముందుకి. గుడి తలుపులు మధ్యాహ్నం వేసేస్తారు. పొద్దున్నే వెళ్లి హడావిడిగా తిరిగొచ్చేసరికి డెబ్భై దాటినవాళ్లు కోట దగ్గర బండి దిగలేరు. పైగా రాత్రి రైలు. హంసలదీవికి మోపిదేవి, అవనిగడ్డ కలిపి విడిగా ఒక రోజు ఇవ్వాలి. ఈసారికి వదిలేయండి.

విజయవాడ మీదుగా కారులో వెళ్లేవాళ్లకైతే దారిలో కూచిపూడి, ఘంటసాల తేలిగ్గా కలుస్తాయి. ఘంటసాల బౌద్ధ స్తూపం చూసి బందరు వస్తే, ఈ తీరానికి డచ్చివాళ్లకన్నా ఎన్నో శతాబ్దాల ముందే ఓడలొచ్చాయన్నది కళ్లకి కడుతుంది. గోదారిగట్టు గారు రైల్లో వస్తున్నారు కాబట్టి వాళ్లకి ఇది వద్దు.

మూడుదారులు:
గుడి మధ్యాహ్నం మూసే సంగతి తట్టలేదు. సరే, విడిగానే మేలు.

శిలాక్షరం:
కోట, సమాధులు ఒకే పూట చూడాలి, అది పొద్దున పూటే అయ్యుండాలి. కారణం వెలుతురు. డచ్చి సమాధుల మీద అక్షరాలు, వంశ చిహ్నాలు ఉబ్బెత్తుగా చెక్కారు. ఏటవాలు ఎండ పడితే ప్రతి అక్షరానికీ నీడ ఏర్పడి చదవొస్తుంది. నడినెత్తిన ఎండలో రాయంతా చదునుగా కనిపిస్తుంది, ఫొటోలు దండగ. మబ్బుగా ఉంటే ఫోన్ టార్చిని పక్కనుంచి, రాతికి దాదాపు ఆనించి పట్టుకోండి, అదే ఫలితం వస్తుంది. "ఆన్నో" అన్న మాట వెతకండి, దాని వెనకున్న అంకెలు సంవత్సరం. 17వ శతాబ్దపు తేదీలు మీరే చదువుకోవచ్చు. అక్షరాలు తేలాలని సుద్ద రాయడం, నీళ్లు పోయడం, నూనె పూయడం దయచేసి చేయకండి. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోటు, పైగా సుద్ద పొడి రాతి రంధ్రాల్లోకి దిగి మిగిలిపోతుంది. గేటు తాళం వేసి ఉంటే కాపలాదారు కోసం పక్కిళ్లలో అడగండి, గోడ దూకొద్దు. ముప్పావుగంట చాలు.

కోట దగ్గర మాత్రం ముందే మనసు సిద్ధం చేసుకోండి. గోల్కొండలాగా ఎక్కి తిరిగే కోట కాదు. మిగిలినవి కప్పు కూలిన కట్టడాలు, ఆయుధాగారం గోడలు, గంట కట్టిన బురుజు, చుట్టూ చిత్తడి. ఇటుక సున్నపు గోడలు ఉప్పుగాలికి లోపల్లోపలే పొడిబారిపోతాయి. పైకి గట్టిగా కనిపించే మెట్టు కాలు పెడితే విరుగుతుంది. గోడల మీదికి, పై అంతస్తులోకి ఎవర్నీ ఎక్కనివ్వద్దు. తుమ్మ ముళ్లు హవాయి చెప్పుల్లోంచి గుచ్చుకుంటాయి, అందరికీ బూట్లు ఉండాలి. పాములుంటాయి, గడ్డిలో కాలు పెట్టేముందు కర్రతో తట్టండి. పెద్దవాళ్లు కారులోంచే చూసినా నష్టం లేదు.

ఏం చూస్తున్నామో పిల్లకి చెప్పడానికి రెండు తేదీలు గుర్తుపెట్టుకోండి. 1759 ఏప్రిల్‌లో కల్నల్ ఫోర్డ్ రాత్రివేళ చిత్తడి దాటించి సైన్యాన్ని పంపి ఫ్రెంచివాళ్ల నుంచి ఈ కోట పట్టుకున్నాడు. ఉత్తర సర్కార్లనే ఈ తీర ప్రాంతంలో ఫ్రెంచివాళ్ల పట్టు దాంతో పోయింది. ఆ చిత్తడే కోటకి రక్షణ అని లోపలివాళ్లు నమ్మారు, అది ఇప్పటికీ మీ కళ్లముందే ఉంటుంది. రెండోది 1864 నవంబరు 1. ఆ రాత్రి ఉప్పెనలో ఈ ప్రాంతంలో సుమారు 30,000 మంది పోయారు. కోట ఆ తర్వాత కోలుకోలేదు. నేల ఎంత చదునుగా ఉందో చుట్టూ చూపించండి, నీళ్లు ఊరిలోపలికి ఎందుకంత దూరం వచ్చాయో వేరే చెప్పక్కర్లేదు.

ఆదివారం ఊళ్లో ఖాళీ ఉంటే సెయింట్ మేరీ చర్చి చూడండి. 1809లో చనిపోయిన అరబెల్లా రాబిన్సన్ సమాధి ఉన్న చోట సైనికాధికారి జాన్ పేటర్ కట్టించినది. ఆరాధన ముగిశాక, అడిగి లోపలికి వెళ్లండి.

వాయుగుండం:
ఈ దారం చదివి నవంబరులో వెళ్దామనుకునేవాళ్ల కోసం. కార్తీక పౌర్ణమికి మంగినపూడిలో సముద్రస్నానాలు, చిలకలపూడిలో పాండురంగడి ఉత్సవాలు. భక్తితో వెళ్లేవాళ్లు ఆ రోజే వెళ్లాలి. ఊరు చూడాలనుకునేవాళ్లు ఆ వారం వదిలేయాలి, బస దొరకదు, బీచి దారి కదలదు. తుపానులకీ అదే కాలం. 1864, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977, హెలెన్ తీరం దాటిన 2013, మూడూ నవంబరే. అక్టోబరు, నవంబరుల్లో పెట్టుకుంటే రద్దు చేసినా డబ్బు వెనక్కొచ్చే గదే తీసుకోండి. మచిలీపట్నం రేవులో ఎగరేసే హెచ్చరిక నంబరు వార్తల్లో వస్తుంది. 1, 2 అంటే తుపాను దూరంగా సముద్రంలో ఉంది. 3 అంటే ఈదురుగాలులు రేవుకే తగలొచ్చు, బీచి ఆలోచన మానేయండి. 5 నుంచి పైకి వెళ్తే ప్రయాణమే మానేయాలి. 8 నుంచి 10 దాకా మహా ప్రమాదం. వాతావరణ శాఖ రాడారు బందరులోనే ఉంది, దాని చిత్రాలు అందరికీ కనబడేలా పెడతారు. బయల్దేరేముందు అది చూస్తే చాలు, వాట్సాప్ పుకార్లు నమ్మొద్దు.

మే నెల వద్దే వద్దు. ఉక్కపోత, కాలవలు కట్టేసి ఉంటాయి, పెడనలో పని పల్చబడుతుంది.

పాకంపట్టు:
లడ్డూ గురించి ఎవరూ రాయలేదు. బందరు లడ్డూకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దీన్నే తొక్కుడు లడ్డూ అంటారు. శనగపిండిని పూసలా వత్తి నేతిలో వేయించి, దంచి, జల్లించి, ఆ పొడిని బెల్లం పాకంతో రోట్లో మళ్లీ తొక్కుతారు. నెయ్యి, యాలకులు ఆ తొక్కుడులోనే కలుస్తాయి. బాగా తొక్కినది నోట్లో పెడితే రవ్వ తగలదు. కొనేముందు ఒకటి విరిచి చూడండి. లోపల పలుకులు కనిపిస్తే తొక్కుడు తగ్గినట్టు, విరవగానే పొడిగా రాలిపోతే పాకమో నెయ్యో తగ్గినట్టు.

నల్ల హల్వా గోధుమ పాలతో చేస్తారు. గోధుమలు నానేసి రుబ్బి పాలు తీసి, బెల్లం పాకంలో నెయ్యి పోస్తూ గంటల తరబడి కలుపుతారు. జనవరి చలికి పైన నెయ్యి తెల్లగా పేరుకుంటుంది, పాడైందని పారేయకండి, గిన్నెని వేడినీళ్లలో కాసేపు ఉంచితే సరి. రెండూ ఆదివారం సాయంత్రమే కొనండి. అప్పుడే చేసిన వేడి లడ్డూని ప్లాస్టిక్ కవరులో బిగిస్తే లోపల చెమట పట్టి రెండు మూడు రోజుల్లో బూజు వస్తుంది. అట్టపెట్టె అడగండి, చల్లారాకే మూత వేయమనండి.

గోదారిగట్టు:
అందరికీ ధన్యవాదాలండీ. ఇలా మార్చాను, తప్పులుంటే చెప్పండి. శనివారం పొద్దున రైలు దిగి, గది, స్నానం, టిఫిను. 10 గంటలకి పెడన, ఒంటిగంటకి వెనక్కి. భోజనం, పెద్దవాళ్లకి నిద్ర. సాయంత్రం చిలకలపూడి గుడి. ఆదివారం 5.45కి మంగినపూడి, అటునుంచటే కోట, తర్వాత సమాధులు, 11 గంటలకి గదికి. మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం చర్చి, లడ్డూలు, రాత్రి రైలు. హంసలదీవి తీసేశాను. కారు ఆదివారం ఉదయానికి మాత్రమే.

శిలాక్షరం:
ఒక్క మార్పు. మంగినపూడి నుంచి నేరుగా కోటకి పోతే, సమాధుల దగ్గరికి వచ్చేసరికి 10 దాటుతుంది, ఏటవాలు వెలుతురు పోతుంది. బీచి నుంచి 8.30కి బయల్దేరి ముందు సమాధులు, తర్వాత కోట. కోటకి వెలుతురుతో పనిలేదు.

ఆటుపోటు:
ఆదివారం పొద్దున పాటు పడుతుంటే, పట్టికలో పోటు పెరిగే వేరే పూట ఏదో చూసి మంగినపూడిని దానికి మార్చి, గుడిని ఆ ఖాళీలోకి జరపండి. గుడి బీచి వైపే కాబట్టి రెంటిలో ఏది జరిపినా దారి పాడవదు. పట్టిక చూశాకే కారు ఏ పూటకో మాట్లాడుకోండి.

పాతరేవు:
ఆదివారం మధ్యాహ్నం గది విషయం మరిచారు. చాలా లాడ్జిల్లో 24 గంటల లెక్క. శనివారం పొద్దున 7కి దిగితే ఆదివారం 7కి గడువు తీరుతుంది, మీరప్పుడు సముద్రం దగ్గర ఉంటారు. మూడు గదులూ రెండో రోజుకి ఉంచుకోనక్కర్లేదు. పెద్దవాళ్ల గది ఒక్కటి రాత్రిదాకా పొడిగించి, మిగతా రెండూ ఆదివారం బయల్దేరేముందే ఖాళీ చేసి, సామాను ఆ గదిలో పెట్టండి. పొడిగింపు మాట దిగేటప్పుడే చెప్పి రసీదు మీద రాయించుకోండి.

అచ్చుబిళ్ల:
పెడనకి 10 అంటే కొంచెం ఆలస్యం. 9కి అక్కడుంటే తడి గుడ్డలు ఆరేయడం నుంచి చూడొచ్చు, 12కల్లా పనివాళ్లు భోజనానికి లేస్తారు. పెద్దవాళ్లు రైలు బడలికతో ఉంటే గదిలోనే ఉండనివ్వండి. రంగు కాగుల దగ్గర పొగ, వేడి ఉంటాయి, కూర్చోవడానికి చోటు తక్కువ. పిల్లకి పాత గౌను వేయండి, ఇనుము నలుపు చుక్క పడితే ఏ సబ్బుకీ పోదు.